అమ్మ కోపం ఎవరి మీద?

ప్రశ్న:

మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. పెళ్ళయిన తరువాత నెల్లూరులో స్థిరపడ్డాము. నాకు 31 సంవత్సరాలు. నిరుడు శ్రావణ మాసంలో లలితా సహస్రనామం చదవటం మొదలుపెట్టాను. పుస్తకం చూసి, ఫోనులో విని నేర్చుకున్నదే తప్ప ఎవరి దగ్గరా ఉపదేశం పొందలేదు. తరువాత గర్భం నిలిచింది గానీ పదో వారంలో పోయింది. మా వారి మేనత్త వచ్చి, తప్పులతో చదివితే అమ్మవారు ఊరుకోదనీ, ఉపదేశం లేకుండా ముట్టరానిది ముట్టుకున్నాననీ అన్నది. అత్తగారు సోది చెప్పించారు. మా మామగారి తల్లి ఊరి పోలేరమ్మకు మొక్కిన మొక్కు తీరలేదనీ, లక్షన్నర పెట్టి కొలుపు చేసి దున్నపోతును ఇస్తే గానీ ఇంట్లో బిడ్డ నిలవదనీ సోదిలో వచ్చింది. మా వారు అప్పుకు సిద్ధపడుతున్నారు. నాకు చదవాలంటే భయం, మానాలంటే అంతకన్నా భయం. ఒక్క అక్షరం తడబడినా మొదటి నామం నుండి మళ్ళీ మొదలుపెడుతున్నాను, రోజూ మూడు గంటలు పడుతున్నది. అమ్మవారికి నిజంగా నా మీద కోపం వచ్చిందా? భయం లేకుండా ఆమెను కొలవటం తప్పవుతుందా?

— ఒక సోదరి, నెల్లూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. గర్భం ఎందుకు పోయిందన్నది ఒకటి, అమ్మవారికి మీ మీద కోపం వచ్చిందా అన్నది రెండవది. ఈ రెండింటినీ ముడివేసింది మీ చుట్టూ ఉన్నవారు. బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం చల్లారకముందే ఆ నేరాన్ని కూడా మీ తలమీదనే పెట్టారు. అందుకని ముందు ఆ ముడి విప్పుతాను.

గర్భం నిలిచిందని తెలిసిన తరువాత పోయే సందర్భాలు నూటికి 10 నుండి 20 దాకా ఉంటాయి. వాటిలో చాలా భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతాయి, అలా తొలి నెలల్లో పోయిన వాటిలో సుమారు సగానికి పిండంలోని క్రోమోజోముల సంఖ్య సరిగా కుదరకపోవటమే కారణం. ఆ తేడా గర్భం ఏర్పడే గడియల్లోనే, అంటే నెల తప్పిందని మీకు తెలియకముందే వచ్చి ఉంటుంది. తల్లి ఏ మెట్లు ఎక్కింది, ఏ బిందె మోసింది, ఏ స్తోత్రం ఎలా చదివింది అన్న వాటితో దానికి ఏ సంబంధమూ లేదు. మిగిలిన సందర్భాలలో థైరాయిడ్ లోపం, అదుపులో లేని మధుమేహం, గర్భాశయ నిర్మాణంలోని తేడాలు, రక్తం గడ్డకట్టే స్వభావం వంటివి కారణం కావచ్చు. అవి పరీక్షలలో తెలుస్తాయి, చాలావాటికి మందు ఉంది. ఒకసారి ఇలా జరిగిన స్త్రీలలో ఎక్కువమంది ఆ తరువాతి గర్భాన్ని నిండు నెలలు మోస్తారు. ఒక్క నామం కూడా చదవని ఇళ్ళలో, అమ్మవారి పేరే తెలియని మతాలవారి ఇళ్ళలో కూడా ఇది ఇలాగే జరుగుతున్నది. ఎవరూ బయటికి చెప్పుకోరు గనుక మనకు జరిగినప్పుడు మనకొక్కరికే జరిగినట్లు ఉంటుంది.

ఇక మీ వారి మేనత్తగారి మాట. ఆమె దుర్మార్గంతో అన్నదని నేను అనుకోను, ఆమెకు పెద్దవాళ్ళు అలాగే చెప్పి ఉంటారు. ఉచ్చారణ తప్పితే కీడు జరుగుతుందనే వారు సాధారణంగా త్వష్ట కథను ఉదాహరిస్తారు. తన కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపినందుకు త్వష్ట యజ్ఞం చేసి, ఇంద్రుణ్ణి చంపగల కొడుకును కోరాడనీ, మంత్రంలో స్వరం తప్పటం వలన పుట్టిన వృత్రుడే ఇంద్రుడి చేతిలో చచ్చాడనీ ఆ కథ. అది వేదమంత్రానికి చెందిన కథ. స్వరంతో సహా గురుముఖంగా నేర్చుకోవలసిన మంత్రాన్ని ఒక ప్రాణం తీయటానికి ప్రయోగించినప్పటి సంగతి. మీరు ఎవరి చావునూ కోరలేదు, యజ్ఞమూ చేయలేదు. తల్లిని వేయి పేర్లతో పిలిచారు. ఆ కథను తెచ్చి మీ పూజగదిలో పెట్టటం న్యాయం కాదు.

ఉపదేశం విషయంలో మాత్రం నిజాయితీగా ఒక మాట చెప్పాలి. పంచదశి, షోడశి, నవార్ణం వంటి బీజాక్షర మంత్రాలను గురువు ద్వారానే తీసుకోవాలని శాక్త సంప్రదాయం గట్టిగా చెబుతుంది, ఆ మర్యాదను మనమూ పాటించాలి. లలితా సహస్రనామాన్ని కూడా దీక్ష ఉన్నవారే చదవాలనే పెద్దలు కొందరు ఉన్నారు. కానీ తరతరాలుగా మన ఆడవాళ్ళు శుక్రవారం సాయంత్రాలు గుళ్ళలో కూర్చుని, నవరాత్రులలో పదిమంది కలిసి, పుస్తకం చూసి చదువుతూనే ఉన్నారు. ఎందరో పండితులు, పీఠాధిపతులు అందరినీ చదవమనే ప్రోత్సహించారు. అది స్తోత్రం, స్తోత్రానికి అడ్డుగోడలు తక్కువ. మీకు మనశ్శాంతి కావాలంటే, బాగా చదవటం వచ్చిన పెద్దావిడ దగ్గరో, గుడిలో పారాయణ బృందంలోనో కొన్ని వారాలు కూర్చుని పదాల విరుపు నేర్చుకోండి. తప్పు దిద్దుకోవటానికి అది మంచి దారి. శిక్ష పడుతుందన్న భయంతో మాత్రం వెళ్ళకండి.

ఏ పూజ చివరనైనా, ఏ పారాయణ చివరనైనా మనం చదివే శ్లోకం ఒకటి ఉంది: “యదక్షరపదభ్రష్టం మాత్రాహీనం తు యద్భవేత్, తత్సర్వం క్షమ్యతాం దేవి”. అక్షరం జారినా, పదం జారినా, మాత్ర తగ్గినా క్షమించమని అడగటం పూజలోనే ఒక భాగంగా పెద్దలు అమర్చిపెట్టారు. చదివేవాళ్ళు తడబడతారని వాళ్ళకు ముందే తెలుసు. ఆదిశంకరులదిగా చెప్పుకునే దేవ్యపరాధ క్షమాపణ స్తోత్రం ఇంకా ముందుకు వెళ్ళి, విధి తెలియక, డబ్బు లేక, బద్ధకించి నీ పాదాల దగ్గర చేసిన లోపాలన్నీ మన్నించమని వేడుతుంది, “కుపుత్రో జాయేత క్వచిదపి కుమాతా న భవతి” అని మళ్ళీ మళ్ళీ అంటుంది. చెడ్డ కొడుకు పుడితే పుట్టవచ్చు గానీ చెడ్డ తల్లి ఎక్కడా ఉండదని. మీ ఇంట్లో వినిపిస్తున్న మూడు నిందలూ, విధి తెలియలేదనీ, ఖర్చు పెట్టలేదనీ, మొక్కు ఆలస్యం చేశారనీ, ఆ ఒక్క శ్లోకంలోనే క్షమకు నోచుకున్నాయి. మీ వారి మేనత్తగారితో వాదించవలసిన పని లేదు, ఈ స్తోత్రాన్ని ఆమె పక్కన కూర్చుని చదవండి.

మరి అమ్మవారి ఉగ్రరూపం అబద్ధమా అని మీరు అడగవచ్చు. కాదు. కపాలమాల, చాచిన నాలుక, ఎత్తిన త్రిశూలం మన పూజలో నిజంగా ఉన్నాయి, వాటిని చూసినప్పుడు ఒళ్ళు జలదరించటమూ నిజమే. ఒంగోలులో దసరాకు కళారాలు, అంటే దేవతల పెద్ద ముఖాల బొమ్మలు, ఊరేగినప్పుడు కాళికాదేవి ముఖం ఎదురుగా వస్తుంటే చిన్నపిల్లలు తల్లి కొంగు పట్టుకుంటారు. అయితే ఆ రౌద్రం ఎటు తిరిగి ఉందో చూడాలి. మార్కండేయ పురాణంలోని దేవీమాహాత్మ్యం మొత్తం 13 అధ్యాయాలలో ఆ కోపానికి గురైనవారు మహిషుడు, చండముండులు, రక్తబీజుడు, శుంభనిశుంభుల వంటివారే. శరణన్నవాడు, పొరపాటు చేసినవాడు, మాట తప్పిన భక్తుడు ఒక్కడూ ఆ కత్తికి ఎర కాలేదు. మహిషుడు చచ్చిన తరువాత దేవతలు చేసిన స్తుతిలో, మనసులో దయ, యుద్ధంలో కాఠిన్యం రెండూ ఒకేచోట నీలోనే చూశామని అంటారు. దేవతలు కూడా ఆమెను చూసి బెదిరి ఉంటారు, అయినా దగ్గరికే వచ్చి నిలబడ్డారు.

మీకు దగ్గరలోని జొన్నవాడ కామాక్షితాయి గుడి సంగతే తీసుకోండి. అమ్మవారు ఉగ్రంగా ఉండేదనీ, శంకరులు శ్రీచక్రం ప్రతిష్ఠించి శాంతింపజేశారనీ అక్కడి స్థలపురాణం. ఇప్పుడు ఆ పెన్న ఒడ్డుకు ఎవరు వస్తున్నారు? మనసు చెదిరినవాళ్ళు, బిడ్డలు లేనివాళ్ళు, దిక్కు తోచనివాళ్ళు. గుడిలో రాత్రి నిద్ర చేసి పోతారు. భయపెట్టే తల్లి దగ్గర ఎవరూ కళ్ళు మూసుకుని నిద్రపోలేరు. తమిళనాడులోని తిరువానైకావల్‌లో అఖిలాండేశ్వరిని శాంతింపజేయటానికి శంకరులు అమ్మవారికి ఎదురుగా వినాయకుణ్ణి నిలిపారని చెబుతారు. ఎంతటి రౌద్రమైనా బిడ్డ కంటపడితే చల్లబడుతుందన్నది ఆ కథ కట్టినవారి నమ్మకం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీద నేరాన్ని, ఆ బిడ్డను తానే తీసుకుందన్న నిందను అటువంటి అమ్మ మీద వేయటం నాకు అపచారంగా తోస్తున్నది.

పోలేరమ్మ దగ్గరికి వద్దాం, మీ అత్తగారి భయమంతా అక్కడే ఉంది. దానిని తేలికగా తీసిపారేయకండి. మశూచి ఊరి మీద పడితే సోకిన పదిమందిలో ముగ్గురు చనిపోయే కాలం అది, బ్రతికినవాళ్ళలో కొందరికి కళ్ళు పోయేవి. పోలేరమ్మ ఆ జబ్బును ఏలే తల్లి అని నమ్మేవాళ్ళు, అందుకే అమ్మవారు పోసింది అనేవాళ్ళు. ఇంటి ముందు వేపమండలు కట్టేవాళ్ళు, తాలింపు వేసేవాళ్ళు కాదు, బయటివాళ్ళు గడప తొక్కేవాళ్ళు కాదు, తగ్గిన తరువాత వేపాకు పసుపు నీళ్ళు పోసి, అమ్మకు చద్దన్నం, అంబలి చల్లగా నైవేద్యం పెట్టేవాళ్ళు. రోగం మనిషి నుండి మనిషికి ఎలా పాకుతుందో చెప్పేవారు లేని రోజుల్లో, వేపమండ కట్టిన గడప దాటకూడదన్న ఆ భయం ఎన్ని ఇళ్ళను కాపాడిందో ఎవరూ లెక్క కట్టలేరు. ఊరి పొలిమేరలో ఆ తల్లిని నిలిపింది కూడా బయటినుండి వచ్చేదాన్ని అక్కడే ఆపమని. టీకాలు వేసినవారి పుణ్యమా అని మన దేశంలో మశూచి 1975లో ఆగిపోయింది, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమి మీదనే లేదని ప్రకటించింది. మీ అత్తగారి తరం వారు చిన్నతనంలో ఆ మచ్చల ముఖాలను చూసినవారు. భయానికి కారణమైన జబ్బు పోయింది గానీ, భయం వాళ్ళ ఎముకల్లో మిగిలిపోయింది. దాన్ని మీరు గౌరవంగానే వినండి, మీ ఒంట్లోకి మాత్రం తెచ్చుకోకండి.

జబ్బు పోయినా జనం ఆ తల్లిని విడిచిపెట్టలేదు, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. మొన్నటిదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండి 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన వెంకటగిరిలో, వినాయక చవితి తరువాత జరిగే పోలేరమ్మ జాతరలో అమ్మవారిని మట్టితో చేస్తారు. కుమ్మరుల ఇల్లు ఆమెకు పుట్టినిల్లు, చాకలివారి వీధి మెట్టినిల్లు. ఊరంతా ఆమెను ఆడబిడ్డగా భావించి సారె పెట్టి, కంటనిండా చూసుకుని, ఊరేగింపు అయిన తరువాత ఆ మట్టి రూపాన్ని విరూపం చేసి సాగనంపుతారు. సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికైతే తలుపులే మూయరు, రాత్రిపూట కూడా. ఆడబిడ్డ అని పిలుచుకునే ఊరు, తలుపు వేయని గుడి: మన వైపు దేవత అంటే ఇది కూడా. మీ ఇంట్లో ఈ సగం ఎవరికీ గుర్తు రావటం లేదు.

కొలుపుల్లో పూనకం వచ్చినప్పుడు అమ్మ కోపంగా మాట్లాడుతుంది కదా అంటారు. మాట్లాడుతుంది. పంబ మోగుతుంటే, ఒకరి మీదికి వచ్చి, నన్ను మరిచిపోయారని అరుస్తుంది. ఊరి పెద్దలు పసుపు నీళ్ళు పట్టుకుని, ఏం కావాలి తల్లీ, చెప్పు, శాంతించు అంటారు. ఆమె అడిగేది సాధారణంగా ఒక చీర, పొంగలి, నిండు బిందెలు, గుడికి సున్నం. ఇస్తామంటే అక్కడికక్కడే చల్లబడుతుంది. ఊరికీ దేవతకూ మధ్య అందరి ఎదుట జరిగే ఆ మాటామంతీకి ఒక అందం, ఒక హద్దు ఉన్నాయి. నాలుగు గోడల మధ్య ఒక కోడలి కడుపును చూపించి, ఇంత సొమ్ము పెట్టకపోతే బిడ్డ నిలవదని బెదిరించటం ఆ సంప్రదాయానికి చెందినది కాదు. దున్నపోతును ఇవ్వటం కూడా ఒకప్పుడు ఊరంతా చందాలు వేసుకుని, ఊరి క్షేమం కోసం చేసిన పని. ఒక్క ఇంటి మీద, అందులోనూ అప్పు చేయించి, మోపింది కాదు. పైగా 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం ప్రకారం గుడిలోనూ, గుడి ఆవరణలోనూ బలి ఇవ్వటం నేరం. ఆ పని చేస్తే కేసు మీ వారి మీద పడుతుంది, సోది చెప్పినావిడ మీద కాదు.

అయినా మొక్కు తీర్చండి. పెద్దావిడ మొక్కుకుని ఉంటే అది తీర్చటంలో తప్పు లేదు, మీ అత్తగారి మనసు కుదుటపడటానికి అది అవసరం కూడా. ఆ మొక్కు ఏమిటో నిజంగా ఎవరికైనా తెలుసా అని ముందు ఊళ్ళో పెద్దవాళ్ళను, గుడి పూజారిని అడగండి. చాలా ఇళ్ళలో ఏళ్ళు గడిచేకొద్దీ పొంగలి కాస్తా కొలుపు అయిపోతుంది. తెలియకపోతే ఒక ఆదివారమో మంగళవారమో, ఆ గుడికి ఏ వారం ఆనవాయితీ అయితే ఆ రోజు, ఇంటిల్లిపాదీ వెళ్ళి, కొత్త కుండలో పొంగలి పొంగించి, వేపమండలు, పసుపు కుంకుమలు, ఒక చీర, కొబ్బరికాయ, గుమ్మడికాయ సమర్పించి రండి. చేతిలో ఉన్న డబ్బుతో అయ్యేది చేయండి. అప్పు మాత్రం వద్దని మీ వారికి నా మాటగా చెప్పండి. ఆ లక్షన్నర రేపు మీ కాన్పుకు, బిడ్డకు కావలసిన డబ్బు. పొంగలి కుండ మీరు మోసినా, ఆయన మోసినా ఒకటే. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు భయమూ మొక్కూ కోడలి ఒక్కదానివే ఎందుకు కావాలో ఆయన ఆలోచించాలి. మన ఇళ్ళలో దేవత కోపమని అన్న ప్రతిసారీ వేలు ఆడదాని వైపే తిరగటం నేను చాలాకాలంగా చూస్తున్నాను, అది నన్ను బాధిస్తుంది. ఆడరూపంలో దేవుణ్ణి కొలిచే మనం ఆ పని చేయటం ఇంకా బాధిస్తుంది.

మీ పారాయణ గురించి. ఒక్క అక్షరం తడబడితే మొదటికి పోవటం నియమం కాదు, నాకు తెలిసిన ఏ శాస్త్రంలోనూ లేదు. తడబడిన చోట సరిచేసుకుని ముందుకు సాగండి, చివర క్షమాపణ శ్లోకం చదివి లేవండి. స్థిమితంగా చదివితే గంట లోపలే అయిపోతుంది. అంత సమయం లేని రోజు ధ్యాన శ్లోకం చదివి దణ్ణం పెట్టుకుంటే చాలు. నెలసరి వచ్చి బయట ఉన్న రోజుల్లో మీ ఇంటి ఆచారం ప్రకారం చదవటం మానేస్తే మానేయండి, దానికి పరిహారం ఏమీ అక్కరలేదు. కొన్నాళ్ళు పుస్తకం పక్కన పెట్టి, సాయంత్రం పూట స్వర్ణాల చెరువు దగ్గర ఇరుకళల పరమేశ్వరి గుడికో, దర్గామిట్ట రాజరాజేశ్వరి గుడికో వెళ్ళి ఊరికే కూర్చుని రావటం మంచిదని నాకు అనిపిస్తున్నది. ఏమీ చదవకుండా, ఏమీ అడగకుండా కూర్చున్నప్పుడు కూడా ఏ కీడూ జరగదని మీకు మీరే చూసుకోవాలి.

అయితే ఒక విషయం జాగ్రత్తగా గమనించుకోండి. ఆపాలనుకున్నా ఆపలేక మళ్ళీ మళ్ళీ మొదటి నుండి చదువుతూ, చదవకపోతే ఎవరికో ఏదో అవుతుందన్న ఆలోచన వదలక, నిద్ర పట్టకుండా ఉంటే, అది భక్తిలోని లోపమూ కాదు, అమ్మవారి పరీక్షా కాదు. గర్భం పోయిన తరువాత చాలామంది స్త్రీలకు వచ్చే ఆందోళన భక్తి రూపంలో బయటపడుతున్నదన్న మాట. దానికి చికిత్స ఉంది, బాగవుతుంది. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ మానస్ వారు ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అక్కడినుండి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళే దారి కూడా చెబుతారు. మీ అత్తగారికి చెప్పటం కష్టమనిపిస్తే మీ వారితో కలిసి చేయండి.

భయం లేకుండా కొలవవచ్చా అని అడిగారు. కొంత భయం ఉండనీయండి. గుడిలో అడుగు పెట్టినప్పుడు గొంతు తగ్గటం, గర్భగుడి చీకటిలో ఆ కళ్ళు కనిపించినప్పుడు చేతులు వాటంతట అవే జోడింపబడటం, మన కన్నా చాలా పెద్దదాని ఎదుట నిలుచున్నామన్న ఎరుక, ఇవి లేకపోతే పూజలో రుచే ఉండదు. అలాంటి భయం మనిషిని గుడి దాకా తీసుకువెళుతుంది. మీకు ఇప్పుడు ఉన్నది మిమ్మల్ని గుడికి దూరం చేస్తున్నది, పుస్తకం ప్రశాంతంగా చదవనీయటం లేదు, నిద్ర పోనీయటం లేదు, ఇంటిని అప్పులోకి దించుతున్నది. ఇది అమ్మ పెట్టిన భయం కాదని నేను నిస్సందేహంగా చెప్పగలను.

పొంగలికి వెళ్ళేది వచ్చే నెల అయినా, దసరా తరువాత అయినా ఫరవాలేదు, పోలేరమ్మ ఎదురు చూస్తుంది. స్త్రీల వైద్యురాలి దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్ళండి. థైరాయిడ్, షుగర్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి, మళ్ళీ గర్భం కోసం ఎప్పుడు ప్రయత్నించవచ్చో అడగండి, ప్రయత్నం మొదలుపెట్టే ముందు నుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వాడాలా, మీకు ఇంకా ఎక్కువ మోతాదు కావాలా అన్నది ఆమెనే నిర్ణయించనీయండి. మీ వారిని వెంటబెట్టుకుని వెళ్ళండి. గర్భం ఎందుకు పోతుందో ఆ డాక్టరు నోటితో ఆయన విన్న తరువాత, ఇంటికి వచ్చి మీ అత్తగారికి చెప్పవలసింది ఆయనే.